చుట్టాలను చూసి సినిమా

తిరుపతిలో కాపురం ఉంటే ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు. వేరే ఊళ్ళకు పెళ్ళికో పండక్కో వస్తారు. మా ఊరికి దేవుడి కోసం వస్తారు. కొండకు పోయే ముందు ఒక పూట, దిగి వచ్చాక ఒక పూట మా ఇంట్లో ఉండేవాళ్ళు. కొర్లగుంటలో మాది రెండు గదుల ఇల్లు, ముందు ఒక వసారా. గుండుకు చందనం పూసుకున్న పిల్లలు, క్యూలో నిలబడి కాళ్ళు లాగేస్తున్న పెద్దలు, లడ్డూ వాసన. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు మా నాయనను అడిగేవాళ్ళు: "బావా, ఏదన్నా మంచి పాత సినిమా పెట్టు."

1980లు అయిపోవస్తున్న రోజులవి. మాకు టీవీ ఉండేది గానీ వీడియో క్యాసెట్లు ఆడించే వీసీపీ లేదు. లీలామహల్ దగ్గర ఒక చిన్న కొట్టులో వీసీపీ, క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు. లీలామహల్ సినిమా హాలు. దాని పేరే ఆ సర్కిల్‌కు వచ్చింది. ఊళ్ళో సినిమా హాళ్ళకు కొదవ లేదు. ప్రతాప్ ఉంది, గ్రూప్ థియేటర్స్ ఉన్నాయి. కానీ కొండ దిగి వచ్చినవాళ్ళకు మళ్ళీ టికెట్ల కోసం ఇంకో క్యూలో నిలబడే ఓపిక ఎక్కడిది? చాప పరిచి, దిండు పెట్టుకుని, చెనిక్కాయలు తింటూ చూడాలి. కాబట్టి సినిమా ఇంటికే రావాలి, ఆ సినిమా ఏదో నాయనే ఎంచాలి.

నాయన ఎంపిక ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మిగతావాళ్ళంతా "రామారావుదా, నాగేశ్వర్రావుదా?" అని అడిగేవాళ్ళు. నాయన మాత్రం మాటలు ఎవరు రాశారో అడిగేవాడు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటర్. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, అప్పుడప్పుడూ ఎవరి పద్యాల పుస్తకమో. రోజంతా సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరుసలో పేర్చే పని. అందుకేనేమో, సినిమాలో పేర్లు పడేటప్పుడు ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. "పేర్లు పడతాండాయి, గమ్మునుండండి" అనేవాడు. హీరో పేరు వచ్చినప్పుడు మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. 'మాటలు, పాటలు' అన్న అక్షరాలు వచ్చినప్పుడు ఆయన కొంచెం ముందుకు వంగేవాడు. అందరం చదివామని నమ్మకం కుదిరితేనే వెనక్కి ఆనుకునేవాడు.

ఆ పేర్లను బట్టే ఆయన సినిమాలను వర్గాలు చేసుకున్నాడు. పింగళి నాగేంద్రరావు సినిమాలు ఒక వర్గం: గుణసుందరి కథ, పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ. పిల్లలుంటే అందులో ఒకటి. చక్రపాణి, డి.వి.నరసరాజు ఇంకో వర్గం: మిస్సమ్మ, పెద్దమనుషులు, దొంగరాముడు, గుండమ్మ కథ. పెద్దవాళ్ళు ఎక్కువగా ఉంటే, అందులోనూ ఒకరితో ఒకరికి సరిగా మాటల్లేని పెద్దవాళ్ళుంటే, అవి. పద్యం, పురాణం తెలిసినవాళ్ళు వస్తే సముద్రాల రాఘవాచార్య రాసిన నర్తనశాల. అలిసిపోయి వచ్చినవాళ్ళకు దేవదాసు ఎప్పుడూ పెట్టేవాడు కాదు. "కొండకు పోయి దండం పెట్టుకుని వచ్చినోళ్ళను ఏడిపిస్తామా?" అనేవాడు. ఈ ఒక్క విషయంలో నాకూ ఆయనకూ ఇప్పటికీ పేచీ. ఏడవడానికి మంచి రోజు చెడ్డ రోజు ఏముంది? దేవదాసు లాంటి సినిమా చూసి ఏడిస్తే మనసు తేలికపడుతుందని నా నమ్మకం.

మా అమ్మది తెనాలి. చక్రపాణి గారిదీ తెనాలే. ఆ సంగతి అమ్మ ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు. నాయన ఊరుకుంటాడా? పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి, బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది కడప జిల్లా అని లెక్క చెప్పేవాడు. పైగా నాగిరెడ్డి గారు 1980ల మొదట్లో తిరుమల తిరుపతి దేవస్థానాల బోర్డుకు అధ్యక్షులుగా ఉన్నారు, కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సు ఆయన హయాంలో వచ్చిందే. "పొద్దున మీరు కూర్చున్న ఆ క్యూ కట్టించినాయన తీసిన సినిమానే ఇప్పుడు మీరు చూస్తాండేది" అని చుట్టాలకు చెప్పడం నాయనకు ఎంత ఇష్టమో! వాళ్ళు నిజమా అని ఆశ్చర్యపోతుంటే ఆ ముఖంలో వెలుగు చూడాలి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి నడిపిన విజయా సంస్థ లాగే మా ఇల్లూ కడప, తెనాలి వియ్యమందిన ఇల్లని అమ్మ అనేది. నాయనది కడప కాదు, పుత్తూరు దగ్గర పల్లె. కానీ తెనాలి నుంచి చూస్తే సీమంతా ఒకటే కదా.

అవ్వకు ఈ లెక్కలేవీ పట్టేవి కావు. ఆమెకు ఒకటే సినిమా, 1960లో వచ్చిన శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం. పల్లెలో ఉన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసిందట, తెరకు కర్పూరం వెలిగించి హారతి ఇచ్చారట. ఆ రోజుల్లో తిరుమల దర్శనం చేసుకున్న యాత్రికులు అదే గుండుతో మద్రాసు పోయి, టి.నగర్‌లో ఎన్టీఆర్ గారి ఇంటి ముందు నిలబడి ఆయన్ను కూడా చూసుకుని గానీ ఊళ్ళకు తిరిగి పోయేవాళ్ళు కాదు. అవ్వ ఆ పని చేయలేదు. "మనకు రోజూ కనపడే కొండే ఉండాది, మద్రాసు ఎందుకు?" అనేది. అయినా తెర మీద ఆయన శంఖచక్రాలతో నిలబడగానే పడుకున్నదల్లా లేచి కూర్చునేది.

ఈ సినిమా గురించి నాయన ఒక సంగతి చెప్పేవాడు. నాకది ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. తీసింది పి.పుల్లయ్య. ఆయనే ఇదే కథను అంతకు ముందు 1939లోనూ తీశాడు. అందులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేంకటేశ్వరుడు, పుల్లయ్య గారి భార్య శాంతకుమారి పద్మావతి. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ తీస్తే సావిత్రి పద్మావతి అయింది, శాంతకుమారి వకుళమాత అయింది. ఒకే ఇంటి కథలో అప్పుడు పెళ్ళికూతురు, ఇప్పుడు పెళ్ళికొడుకు తల్లి! ఇది తెలిశాక, వకుళాదేవి పెళ్ళి మాట్లాడడానికి బయల్దేరే ఘట్టం చూస్తుంటే ఆ నడకలో నాకు రెండు వయసులూ కనిపిస్తాయి. ఆ తర్వాత ఘంటసాల మాస్టారు తనే తెర మీద కూర్చుని 'శేషశైలావాస' పాడతారు. ఆ పాట వచ్చిందంటే అవ్వ చేతులు జోడించి కళ్ళు మూసుకునేది. అంత ఇష్టపడి తెప్పించుకున్న సినిమాలో అంత మంచి పాటను కళ్ళు మూసుకుని వినేది. అది పూర్తయ్యేదాకా వసారాలో ఉన్న చుట్టాలు కూడా కదిలేవాళ్ళు కాదు.

పెద్దత్త సంగతి చెప్పాలి. నాయన అక్క. వేలూరిలో ఇచ్చారు. మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చాలా ఇళ్ళకు అవతల వేలూరు, ఆరణి, తిరుత్తణి వైపు వియ్యాలుంటాయి. అత్త తెలుగులో మొదలుపెట్టిన మాట అరవంలో పూర్తయ్యేది. ఆమె పిల్లలకు తెలుగు అర్థమయ్యేది గానీ పింగళి వారి చమత్కారం అందేది కాదు. వాళ్ళొచ్చినప్పుడు నాయన ఆలోచనంతా రెండు భాషల్లోనూ తీసిన సినిమాల మీదికి పోయేది. విజయా వాళ్ళు మాయాబజార్, మిస్సమ్మ రెండింటినీ తమిళంలోనూ తీశారు. తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. మిస్సమ్మలో రామారావు గారి వేషమూ ఆయనదే. సావిత్రి, ఎస్.వి.రంగారావు మాత్రం అటూ ఇటూ ఒక్కరే. ఘటోత్కచుడు పెళ్ళి వంటకాలన్నీ ఊడ్చేసే పాట తెలుగులో మాధవపెద్ది సత్యం గొంతులో మొదలవగానే అత్త పిల్లలు 'కల్యాణ సమయల్ సాదం' అని తమిళంలో అందుకునేవాళ్ళు. మేం తెలుగులో, వాళ్ళు అరవంలో, టీవీలో రంగారావు గారు మా అందరికీ ఒకేసారి లడ్డూలు తింటూ. అంత సంతోషం నేను ఏ సినిమా హాల్లోనూ చూడలేదు.

మాయాబజార్ నిడివి 184 నిమిషాలు. మామూలు వీడియో క్యాసెట్ మూడు గంటలది. ఈ రెండింటికీ పొత్తు కుదరదని మాకు ఒక రాత్రి తెలిసింది. ఆ కొట్టులో దొరికిన క్యాసెట్‌లో ఎక్కడెక్కడో కోసి సర్దేశారు. అత్త పిల్లలకు తేడా తెలియలేదు. నాయన మాత్రం ఒకచోట లేచి నిలబడ్డాడు. "ఇక్కడ శకుని మాట ఒకటుండల్ల" అన్నాడు. తర్వాత ఇంకోచోట, మళ్ళీ ఇంకోచోట. మర్నాడు క్యాసెట్ తిరిగిచ్చేటప్పుడు ఆ కొట్టువాడితో కోప్పడలేదు గానీ, "ప్రూఫు చూడకుండా అచ్చేసినట్టుంది" అని బాధపడ్డాడు. అప్పటినుంచి మా ఇంట్లో సినిమా ఎంచడంలో ఇంకో నియమం చేరింది, నిండుగా ఉన్న ప్రింటు దొరికితేనే తేవాలి. పాత సినిమా చూడాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. ఇప్పుడు యూట్యూబులో ఒకే సినిమా నాలుగైదు చోట్ల ఉంటుంది. ముందుగా కనపడినదాన్ని నొక్కకండి. నిడివి చూడండి. మాయాబజార్ అని పెట్టి రెండుంబావు గంటలే ఉంటే అది మాయాబజార్ కాదు. బొమ్మను అడ్డంగా సాగదీసి టీవీ నిండా పరిచినవి ఉంటాయి. వాటిలో సావిత్రి ముఖం సావిత్రిది కాదు. రెండు పక్కలా నల్లని ఖాళీ ఉన్నదే అసలు బొమ్మ.

రంగుల సంగతీ ఉంది. 2010 జనవరిలో మాయాబజార్‌ను రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు ఊరంతా పోయింది, మేమూ పోయాం. హాలు నిండా జనం, యాభై ఏళ్ళు దాటిన సినిమాకు ఈలలు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ పని చేసినవాళ్ళ శ్రమకు దండం పెట్టాల్సిందే. కానీ ఇంట్లో చూసేటప్పుడు నేను నలుపు తెలుపే ఎంచుతాను. కెమెరామన్ మార్కస్ బార్ట్లే ఆ పడవ పాటలో వెన్నెలను స్టూడియోలో దీపాలతో కాయించాడు. ఆయన లెక్క అంతా నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న ఛాయల్లో ఉంది. నీటి మీద ఆ మెరుపుకు నీలం పూస్తే వెన్నెల ఎక్కడికి పోవాలి? పైగా రంగుల ప్రతిలో నిడివి కూడా తగ్గింది.

మల్లీశ్వరి మా ఇంట్లో అందరికీ నచ్చే సినిమా కాదు. నెమ్మదిగా నడుస్తుంది. 1951లో వచ్చింది, బి.ఎన్.రెడ్డి తీశారు, దేవులపల్లి కృష్ణశాస్త్రి మొదటిసారి సినిమాకు రాసింది ఇదే, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. భానుమతి గొంతు తెల్లవారుజామున విన్నా, రాత్రి విన్నా అదే చల్లదనం. నాయన దీన్ని అందరికీ పెట్టేవాడు కాదు. ఒకసారి అమ్మ తరఫు బంధువొకాయన, స్కూలు మాస్టారు, కొండ మీద శ్రీకృష్ణదేవరాయల విగ్రహం చూసి వచ్చి దాని గురించే మాట్లాడుతున్నాడు. మహాద్వారం దాటి లోపలికి పోగానే ఆ మండపంలో రాయలవారు, ఒకపక్క తిరుమలదేవి, ఒకపక్క చిన్నాదేవి, చేతులు జోడించి నిలబడి ఉంటారు. జనం తోపులాటలో చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. ఆయన చూశాడు, ఆగాడు. అంతే, ఆ సాయంత్రం మల్లీశ్వరి. సినిమాలో రాయలవారు మారువేషంలో వానకు తడుస్తూ ఆ బావా మరదళ్ళ ముందుకు వచ్చినప్పుడు మాస్టారు, "పొద్దున చూసిన మనిషే" అన్నాడు మెల్లగా. నాయనకు అంతకంటే పెద్ద మెప్పు అక్కర్లేదు. సినిమా చూసేవాళ్ళు ఆ పూట ఏం చూసి వచ్చారో, మనసులో ఏముందో తెలిసి ఎంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

గుండమ్మ కథ గురించి ఎంత చెప్పినా తక్కువే, అందరికీ తెలిసిందే. ఎన్టీఆర్‌కు నూరో సినిమా, ఏయన్నార్‌కు తొంభైతొమ్మిదోది, 1962. కానీ మా ఇంట్లో అది సూర్యకాంతం సినిమా. అత్తాకోడళ్ళు కలిసి కొండకు వచ్చి ఇద్దరూ ముభావంగా ఉంటే, నాయన మారుమాట్లాడకుండా ఆ క్యాసెట్ తెచ్చేవాడు. రమణారెడ్డి వచ్చి గుండమ్మను ఆడించే దగ్గరికి వచ్చేసరికి అత్తా నవ్వేది, కోడలూ నవ్వేది. సూర్యకాంతం గారిలో గొప్పతనం అది. అరిచే గుండమ్మ మీద మనకు కోపం రాదు, జాలి వస్తుంది.

చిత్తూరు పేరు చెప్పగానే నాయన గొంతు మారేది. నాగయ్య గారు పుట్టింది గుంటూరు జిల్లా వైపే అయినా, చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు కాబట్టి చిత్తూరు నాగయ్య అయ్యాడు. చిత్తూరులో ఆయన పేరుతో కళాక్షేత్రం ఉంది. పోతన, త్యాగయ్య, వేమన, ముగ్గురూ ఆ ఒక్క మనిషే. ఆయన సినిమాలు వీడియో కొట్లలో దొరికేవి కావు. చాలా ఏళ్ళ తర్వాత, వీసీడీల కాలంలో, గాంధీ రోడ్డులో ఒక బండి మీద 1947 నాటి యోగి వేమన కనపడింది. తెచ్చి నాయన చేతిలో పెట్టాను. పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రాత్రి చుట్టాలెవరూ లేరు. మేం ముగ్గురమే. అన్న కూతురు జ్యోతి చనిపోయాక వేమన పిచ్చివాడిలా అయిపోయే ఘట్టం ఉంది కదా, అక్కడ నాగయ్య గారు నటిస్తున్నట్టే ఉండదు. పాటకూ ఏడుపుకూ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ గొంతు. ప్రింటు నిండా గీతలు, శబ్దంలో గరగర. అయినా ఎవరం కదల్లేదు. కొత్తగా పాత సినిమాలు చూసేవాళ్ళకు దీన్ని మొదట పెట్టకూడదు, ఇది నా అభిప్రాయం. ఆ కాలపు నడకకు చెవి అలవాటు పడాలి. పదేళ్ళు తర్వాతి సినిమాలు కొన్ని చూసి, తర్వాత వెనక్కి రావాలి. వస్తే మాత్రం ఇంతకు మించినది దొరకదు.

ఇప్పుడు నాయనకు ఎనభై దాటింది. కళ్ళు బాగా మందగించాయి. ఎదురుగా ఉన్న మనిషి నీడలా కనపడతాడు. ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. టీవీ ముందు కుర్చీ వేసి కూర్చోబెడితే సినిమా వింటాడు. మాటలు రాసినవాళ్ళను బట్టి సినిమాలు ఎంచిన మనిషికి ఇప్పుడు ఆ మాటలే మిగిలాయి, అవి ఆయనకు సరిపోతున్నాయి కూడా. పేర్లు పడేటప్పుడు నేను పైకి చదువుతాను. 'మాటలు' దగ్గర ఆగుతాను. ఈమధ్య జంధ్యాల మీద మనసు పడింది ఆయనకు. శంకరాభరణం మాటలు, అహ నా పెళ్ళంట మాటలు రాసింది ఒకే చెయ్యి అన్న సంగతి తలుచుకుని తలుచుకుని సంతోషపడతాడు. కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి అన్నం తినే చోట బొమ్మ కనపడకపోయినా అందరికంటే ముందు నవ్వుతాడు. కొత్త సినిమాలు పెడితే కాసేపు విని, "ఎవరు ఎవర్ని కొడతాండారో అర్థం కావడంలే అమ్మా" అంటాడు. నేను మార్చేస్తాను.

ఎంచే పని ఇప్పుడు నాది. చుట్టాలు ఇప్పుడూ వస్తారు, కాకపోతే కార్లలో వచ్చి కార్లలో పోతారు. రాత్రి ఉండేవాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళను వదలను. బెంగళూరు నుంచి మా చిన్నాయన మనవళ్ళు వచ్చినప్పుడు పాతాళభైరవి పెట్టాను. మాయాబజార్‌లో ఘటోత్కచుడు రావడానికి చాలాసేపు పడుతుంది, ఇప్పటి పిల్లలు అందాకా ఆగరని నా భయం. పాతాళభైరవిలో మాంత్రికుడు త్వరగానే వస్తాడు. ఎస్.వి.రంగారావు ఆ గడ్డంతో, ఆ కళ్ళతో ఒక్కసారి చూశాడంటే ఏ పిల్లలైనా ఫోను పక్కన పెడతారు. పెట్టారు కూడా. ఇంటర్వెల్ దగ్గర ఆపి అన్నాలు పెట్టి, మిగతాది తర్వాత చూశాం. మూడు గంటల సినిమాను ఒకే బిగిన చూడాలని పట్టుబట్టకూడదు. ఇంటర్వెల్ అన్నది అందుకే పెట్టారు.

సంక్రాంతికి పెద్దత్త కొడుకు వేలూరు నుంచి కుటుంబంతో వస్తున్నాడు. అప్పట్లో మా వసారాలో అరవంలో పాడినవాడే, ఇప్పుడు వాడికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళకు తెలుగు అంతంతమాత్రం. నేను మాయాబజార్ అన్నాను, వాళ్ళ నాన్న పాడిన పాట వాళ్ళు వినాలి కదా అని. నాయన మిస్సమ్మ అంటున్నాడు. ఉద్యోగం కోసం ఇద్దరు పరాయివాళ్ళు మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని ఒక జమీందారు ఇంట్లో చేరడం ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది, ఆడపిల్లలకు సావిత్రి పొగరు నచ్చుతుంది, పైగా నిండుగా ఉన్న ప్రింటు ఉందని ఆయన వాదన. భానుమతి చేయాల్సిన ఆ వేషం సావిత్రికి ఎలా వచ్చిందో కూడా వాళ్ళకు చెప్పాలట. అమ్మ ఆయన వైపే, చక్రపాణి గారి సినిమా కదా. రెండు రోజులుంటారు కాబట్టి భోగి నాడు మిస్సమ్మ, సంక్రాంతి నాడు మాయాబజార్ అని చెప్పాను. "ముందు మిస్సమ్మే కదా?" అని నాయన మళ్ళీ అడిగాడు. ముందు మిస్సమ్మే నాయనా, అన్నాను.